తెర దించని గోడ

పోయిన వారం మన మెకానిక్ ‘కాలేజీ’ని ట్రాన్స్‌పోర్ట్ ఆఫీసు గదిలో, లాప్‌టాప్ ముందు, ఆఖరి పేపరులో ఆఖరి ప్రశ్న దగ్గర వదిలేసి వచ్చాం. నెట్ ఒకసారి పోయి వచ్చింది, చొక్కా వీపుకి అతుక్కుపోయింది, జవాబులు పంపే మీట మీద వేలు ఆగి ఉంది. నొక్కాడా లేదా అని వారం రోజులుగా నన్ను తిట్టుకునే ఉంటారు. నొక్కాడండీ. పేపరు వెళ్లిపోయింది. "మీ పరీక్ష ముగిసింది" అని తెర మీద అక్షరాలు వచ్చాయి. అతను లాప్‌టాప్ మూసి, దాని మీద రెండు చేతులూ పెట్టుకుని కాసేపు అలాగే కూర్చుండిపోయాడు.

కథలోకి ఇప్పుడే వస్తున్నవాళ్ల కోసం రెండు ముక్కలు చెప్పి ముందుకెళ్తాను. ఇతను సైన్యంలో మెకానిక్. ట్రక్కుల కింద వెల్లకిలా పడుకుని బతికే మనిషి. స్కూలు చదువు అవగానే యూనిఫాం తొడుక్కున్నవాడు, పెళ్లయ్యాక మళ్లీ పుస్తకం పట్టి ఆన్‌లైన్ డిగ్రీలో చేరాడు. చేరిన రోజు నుంచి వర్క్‌షాప్‌లో అందరూ అతని అసలు పేరు మర్చిపోయి "కాలేజీ" అని పిలవడం మొదలెట్టారు. డిగ్రీ చేతికొస్తే మామూలు సిపాయిల్లోంచి ఆఫీసర్లని తీసుకునే ఎంపికకి వెళ్లొచ్చు. దానికో వయసు పరిమితి ఉంది, ఈ ఏడాదితో అది దాటిపోతుంది. మిగిలింది ఒకే ఒక్క పేపరు, స్టాటిస్టిక్స్. మొదటిసారి పరీక్ష రోజునే వరద సహాయానికి పంపేశారు. రెండోసారి రాసి, నిజాయితీగా తప్పాడు. ఇది మూడోసారి. ఇదీ పోతే తలుపు మూసేసినట్టే, జీవితాంతం ట్రక్కు కిందే.

ఇక అతని భార్య సంగతి. ఆమె రక్తపరీక్షల ల్యాబులో పనిచేస్తుంది. మొగుడికి పుస్తకం తెరిచే తీరిక ఉండదని పాఠాలన్నీ తన గొంతుతో చదివి, రికార్డు చేసి పంపేది. సగటు, మధ్యగతం, బాహుళకం అని భార్య గోముగా చెబుతుంటే వింటూ నిద్రపోయే మొగుడు ప్రపంచం మొత్తానికి ఇతనొక్కడే అయ్యుంటాడు.

ఆమె అన్నగారు కూడా ఈ క్యాంపులోనే ఉన్నాడు, డ్రైవరు. సరుకు బండ్ల వరసలో మొదటి బండి అతనిదే. ఇద్దరూ ఒకే బ్యారక్‌లో పక్కపక్క మంచాల మీద పడుకున్న రోజుల్లో కాలేజీ సరదాకి "బావా" అని పిలిచేవాడు. చెల్లెల్ని ఇచ్చి నిజంగానే బావ అయి కూర్చున్నాడు ఆయన. సిగ్నల్ లేని చోట్ల కాలేజీ డ్యూటీలో ఉంటే, అతని లాగిన్‌లోకి వెళ్లి అసైన్‌మెంట్లు పంపే బాధ్యత కూడా బావదే. ఒకసారి జవాబుల ఫోటోకి బదులు తన బూటు ఫోటో పంపాడు. ఆ బూటుకి యూనివర్సిటీ వాళ్లు సున్నా వేసి, "స్పష్టత లేదు" అని రాశారు. ఏడాది పాటు వర్క్‌షాప్ అంతా దాని మీదే బతికింది.

అదీ సంగతి. ఇప్పుడు పరీక్ష అయిపోయింది. ఎగిరి గంతెయ్యాల్సిన మనిషి ఏం చేశాడు? వర్క్‌షాప్‌కి వచ్చి, చేతులు తుడుచుకునే గుడ్డ కోసం వెతికాడు. అది భుజం మీదే ఉంది. స్పానర్ తీశాడు, పెట్టేశాడు. జేబులు తడుముకున్నాడు. పెన్ను ఉంది, కార్డు ఉంది, తాళాలు ఉన్నాయి. రేపు తెల్లారకముందే సరుకు బండ్ల కాన్వాయ్ ముందువరస పోస్టుకి బయల్దేరుతుంది, మొదటి బండి బ్రేకులు సరిచూడాలి. బండి కిందికి దూరాడు, ఒక నట్టు బిగించి బయటికొచ్చాడు, మళ్లీ దూరాడు. ఎక్కడో ఏదో వదిలేసి వచ్చినట్టు చుట్టూ నేలంతా వెతికాడు.

"ఏరా కాలేజీ, మొహం అలా పెట్టావేంటి? పేపరు పాడైందా?" బండి పక్కన గొంతుక్కూర్చుని బావ అడిగాడు.

"లేదు బావా. బాగానే రాశా. పాసైపోతాను."

"మరి ఆముదం తాగినవాడిలా ఆ మొహం ఏంటి?"

"ఏదో మర్చిపోయినట్టుంది. ఏంటో తట్టట్లేదు."

"మూడేళ్లు పుస్తకం మోశావు. చెయ్యి ఖాళీ అయ్యేసరికి అలాగే ఉంటుందిలే. పనిచేస్తూ ఉండు, టీ పట్టుకొస్తా."

టీకి వెళ్లినవాడు ఎంతకీ రాలేదు. ఈలోగా కాలేజీ వెనక బ్రేకులు రెండూ విప్పి, గ్రీజు పూసి, మళ్లీ బిగించేశాడు. బావ వచ్చేసరికి టీ చల్లారి పైన మీగడ కట్టింది. "క్యాంటీన్‌లో ఒకటే జనం," అన్నాడు. కాలేజీ ఆ చల్లటి టీని మందు మింగినట్టు ఒక్క గుక్కలో మింగి, గ్లాసు టైరు మీద పెట్టాడు.

"అవునూ, పరీక్షకి ముందు గదంతా చూపించమంటారటగా. చెల్లి చెప్పింది. ఏంటా తతంగం?" అడిగాడు బావ.

అడిగినందుకు కాలేజీకి ప్రాణం లేచొచ్చింది. పొద్దుటి నుంచి లోపల తిరుగుతున్నది కాస్త బయటికి కక్కడానికి వీలు దొరికింది. గ్రీజు డబ్బా మూత తీసి, అదే లాప్‌టాప్ అన్నట్టు రెండు చేతుల్లో పట్టుకుని నిలబడ్డాడు.

"కెమెరాలో ఒక మేడమ్ ఉంటుంది బావా. ఆవిడకి మనం కనపడతాం, మనకి ఆవిడ గొంతే వినపడుతుంది. ముందు మొహం చూపించమంది. తర్వాత కార్డు. తర్వాత చెవులు. లోపల ఏమైనా పెట్టుకున్నానేమోనని."

"మా చెల్లి నిన్ను చేసుకునేటప్పుడు కూడా నీ చెవులు చూడలేదురా."

"వినవయ్యా ముందు. తర్వాత లాప్‌టాప్ ఎత్తి గదంతా తిప్పమంది. ఇలా తలుపు." మూతని తలుపు వైపు తిప్పాడు. "ఇలా కిటికీ. బల్ల కింద. పైన ఫ్యాను. వెనక్కి తిరిగి ఇటు గోడ. ఇక్కడ ఆవిడకి అనుమానం వచ్చింది. 'ఆ గోడ మీద అంకెలేంటండీ, దగ్గరికి తీసుకెళ్లండి' అంది. స్టాటిస్టిక్స్ పేపరు కదా, సూత్రాలు రాసిపెట్టుకున్నానేమోనని. నేను దగ్గరికి తీసుకెళ్లి, 'ఇవి పరీక్షవి కాదు మేడమ్, బండ్ల నంబర్లు, బయల్దేరే టైములు' అని..."

మూత గాల్లోనే ఆగిపోయింది.

పొద్దుటి నుంచి వెతుకుతున్నది ఇదన్నమాట.

ఆ గోడ మీద ఉన్నది కాన్వాయ్ బోర్డు. రేపు ఏ బండి ముందు, ఏది వెనక, ఏ రోడ్డు, ఎక్కడ ఆగాలి, ఏ వేళకి బయల్దేరాలి, అన్నీ దాని మీదే ఉంటాయి. దానికో ముదురు నీలం రంగు తెర ఉంది. బయటి మనిషి గదిలోకి అడుగుపెట్టే ముందు ఆ తెర దించాలి. మంగలి వచ్చినా, ఫ్యాను బాగుచేసేవాడు వచ్చినా, ఆఖరికి క్యాంటీన్ కుర్రాడు గ్లాసుల కోసం వచ్చినా దించాల్సిందే. ఈ నియమం క్యాంపులో ఎవర్ని నిద్రలో లేపి అడిగినా చెబుతారు. కాలేజీ స్వయంగా ఎన్నోసార్లు దించాడు. కానీ ఈ రోజు గదిలోకి ఎవరూ రాలేదు కదా. తలుపు వేసే ఉంది, లోపల తానొక్కడే. కెమెరాలోని మేడమ్‌ని బయటి మనిషని అతనికి తోచనే లేదు. పైగా తాను దొంగని కాదని చూపించుకోవాలన్న ఆరాటంలో, బోర్డు మొత్తం ఈ చివర నుంచి ఆ చివరిదాకా కెమెరాకి నిదానంగా చూపించాడు. చదివి వినిపించాడు కూడా. అంతా అయ్యాక ఆవిడ, "సరేనండీ, అంకెలు కనపడకుండా దాన్ని కప్పేయండి" అంటే, అప్పుడు తెర దించాడు. ఇంత నిక్కచ్చిగా పప్పులో కాలేసినవాణ్ణి నేనైతే ఎక్కడా చూడలేదు.

"బావా," అన్నాడు. "బోర్డు చూపించేశాను."

బావ చుట్టూ ఒకసారి చూసి, కాలేజీ చేతిలోంచి మూత తీసుకుని, డబ్బాకి పెట్టి గట్టిగా నొక్కాడు.

"చూపిస్తే చూపించావులే. ఆవిడెవరో, ఎక్కడుంటుందో. రోజుకి ఎంతమంది గోడలు చూస్తుందో. ఆవిడకి మన బండ్లతో ఏం పని?"

"రికార్డవుతుంది బావా. ఆ కంపెనీ దగ్గర ఉంటుంది. ఎవరు చూస్తారో మనకేం తెలుసు?"

"ఎవరూ చూడరు. మార్కులొచ్చాక వాళ్లే పారేస్తారు. నువ్వు నోరు మూసుకుని కూర్చో."

"మేజర్ గారికి చెప్పాలి."

"చెప్తే ఏమవుతుందో తెలుసా నీకు?" బావ గొంతు తగ్గించాడు. "నీ మీద విచారణ. పేపరు గోవిందా. ఆఫీసరు సంగతి దేవుడెరుగు, ఉన్న ర్యాంకు కూడా ఊడుతుంది. పర్మిషన్ ఇచ్చినందుకు ఆయన మెడకీ చుట్టుకుంటుంది. ఆ గదిలో కూర్చోరా, సిగ్నల్ బాగుంటుంది అని నీకు చెప్పింది నేను. నా మెడకీ చుట్టుకుంటుంది."

"అయినా సరే..."

"నా మాట వినరా. మొదటి బండి నాది. ఆ రోడ్డు మీద అందరికంటే ముందు వెళ్లేది నేను. నాకే లేని భయం నీకెందుకు?"

"నువ్వు వెళ్తున్నావనే కదా బావా."

బావ చటుక్కున మొహం తిప్పుకున్నాడు. టైరు మీద గ్లాసు తీసుకుని, అందులో ఏమీ లేకపోయినా లోపలికి చూశాడు. "చెల్లి నీ పట్టా కోసం గోడ మీద మేకు కూడా కొట్టించి పెట్టింది. ఆ మేకుకి ఏం తగిలిస్తావో ఆలోచించుకో," అని లేచి వెళ్లిపోయాడు.

మేకు మాట కాలేజీకి ఎక్కడ తగలాలో అక్కడే తగిలింది. నిజమే, కొట్టించింది. పోయినసారి సెలవులో ఇంటికెళ్తే, ముందుగది గోడకి ఒట్టి మేకు కనపడింది. ఇదేంటని అడిగితే, "నువ్వు రాసేది రాయి, మిగతాది నేను చూసుకుంటా" అంది. ఆ వారమంతా భోంచేస్తున్నా, మాట్లాడుతున్నా అతని కళ్లు ఆ మేకు మీదకే పోయేవి.

మధ్యాహ్నం భోజనం దగ్గర కూర్చున్నాడు, నాలుగు ముద్దలు కూడా దిగలేదు. లేచి బ్యారక్‌కి వెళ్లాడు, మంచం మీద కూర్చున్నాడు, లేచాడు. మేజర్ ఆఫీసు ముందు వరండాలో కాలు కాలిన పిల్లిలా అటూ ఇటూ తిరిగాడు. చెబితే పోయేది తన పేపరు. చెప్పకపోతే ఏమీ కాకపోవచ్చు. పదిసార్లలో తొమ్మిదిసార్లు ఏమీ కాదు. మూడేళ్లుగా చదివిన స్టాటిస్టిక్స్ సరిగ్గా ఇప్పుడే అక్కరకొచ్చింది పాపం. పదోసారి మాటేంటి? పదోసారి మొదటి బండిలో స్టీరింగ్ ముందు ఎవరుంటారు? అక్కడికొచ్చేసరికి లెక్క ఆగిపోయి భార్య మొహం కనపడేది. ఒక చేత్తో పట్టా, ఇంకో చేత్తో వాళ్లన్నయ్య చావు వార్త పట్టుకుని ఆ గుమ్మం ఎలా ఎక్కుతాడు?

చొక్కా సర్దుకుని తలుపు తట్టాడు.

మేజర్‌కి ఆ రోజు పంటి నొప్పి. కుడి బుగ్గ బన్నులా ఉబ్బింది. బల్ల మీద వేడినీళ్ల గ్లాసు, దాని పక్కన ఉప్పు. మామూలుగానే తూచి మాట్లాడే మనిషి, ఇవాళ మాటకో నొప్పి కాబట్టి ఇంకా పొదుపు.

"చెప్పు."

"సార్, ఒక తప్పు జరిగింది."

"జరిగిందా, చేశావా?"

"చేశాను సార్."

అంతా చెప్పాడు. తలుపు, కిటికీ, ఫ్యాను, గోడ. ఏదీ దాచలేదు, బోర్డు చదివి వినిపించిన సంగతి కూడా. మేజర్ వేడినీళ్లు నోట్లో పోసుకుని, బుగ్గలోనే పట్టి ఉంచి విన్నాడు. చివరికి పక్కనున్న బేసిన్‌లో ఉమ్మి, రుమాలుతో మూతి తుడుచుకున్నాడు.

"దగ్గరగా చూపించావు."

"చూపించాను సార్."

"ఎందుకు?"

"కాపీ కొట్టట్లేదని నమ్మించడానికి సార్."

మేజర్ పెదవి ఒక పక్కకి కదిలింది. నవ్వో, పన్ను పోటో తెలియలేదు.

"మంగలి వస్తే తెర దించుతావా?"

"దించుతాను సార్."

"ఫ్యాను బాగుచేసేవాడొస్తే?"

"దించుతాను సార్."

"మరి ఆవిడ వస్తే?"

"ఆవిడ వచ్చినట్టు అనిపించలేదు సార్. నేనే ఆవిడ గదిలోకి వెళ్లి కూర్చున్నట్టు అనిపించింది. పరీక్ష హాల్లో ఉన్నాననుకున్నాను."

మేజర్ బల్ల మీది ఫోను ఎత్తాడు. "రేపటి కాన్వాయ్ ఆపు. రోడ్డు మార్చు, టైము మార్చు, బండ్ల వరస కూడా మార్చు. ఎందుకని అడక్కు, నా పన్ను సలుపుతోంది." పెట్టేశాడు.

రేపు బావ ఆ రోడ్డు మీద వెళ్లడు. కాలేజీకి అది చాలు. మిగతాది ఏమైతే అది అవుతుంది.

"నువ్వు చెప్పకపోతే ఎవరికీ తెలిసేది కాదు," అన్నాడు మేజర్.

"తెలుసు సార్."

"ఇంకెవరితో అన్నావు?"

"మొదటి బండి డ్రైవరుతో సార్. మా బావ. నా భార్యకి అన్న."

"ఏమన్నాడు?"

"వద్దన్నాడు సార్. నా చదువు పాడవుతుందని."

మేజర్ తలూపాడు. "నీ మీద నేను రిపోర్టు రాస్తాను. నీ పర్మిషన్ మీద సంతకం నాది కాబట్టి నా మీద కూడా రాసుకుంటాను. అది తర్వాత. ముందు ఆ రికార్డింగ్ పోవాలి. నంబరు చెప్పు."

పరీక్షల కంపెనీ నంబరు కలిపి స్పీకర్ పెట్టాడు. ముందు సంగీతం వచ్చింది. తర్వాత "మీ కాల్ మాకు ఎంతో విలువైనది" అని ఒక మర గొంతు. మళ్లీ సంగీతం. వాచిన బుగ్గ పట్టుకుని ఒక మేజర్, అటెన్షన్‌లో ఒక మెకానిక్, ఇద్దరి మధ్యా ఆ దిక్కుమాలిన పాట. చాలాసేపటికి ఒకావిడ లైన్లోకొచ్చి తాను సూపర్‌వైజర్‌నని చెప్పింది. మేజర్ వివరాలేవీ చెప్పకుండా, గదిలో చూపించకూడనిది కెమెరాలో పడిందని, ఆ రికార్డు మొత్తం తీసెయ్యాలని అడిగాడు.

"తీసెయ్యొచ్చండీ. కానీ రికార్డు లేకపోతే ఆ పేపరు చెల్లదు. రాసినట్టే లెక్క కాదు."

"ఆ ఒక్క ముక్క తీసి మిగతాది ఉంచలేరా?"

"గది చూపించిన ముక్క లేకపోతే మిగతాది ఎందుకూ పనికిరాదు సార్. రూలు అలా ఉంది."

"మళ్లీ పరీక్ష ఎప్పుడు?"

"వచ్చే ఏడాదండీ."

మేజర్ ఫోను మీద అరచెయ్యి మూసి కాలేజీ వైపు చూశాడు. ఇంతసేపటికి మొదటిసారి ఆయన కళ్లు మెత్తబడ్డాయి. ముందటేడు వరద పనికి ఇతన్ని పరీక్ష రోజునే పంపిన ఆర్డరు మీద సంతకం కూడా ఆయనదే.

"వచ్చే ఏడాదికి నీకు వయసు దాటిపోతుంది."

"అవును సార్."

"బోర్డు మార్చేశాం. ఆ రికార్డులో ఉన్నది ఇక పాత కబురు. అయినా మన బండ్లెన్ని, మనం ఎలా కదులుతాం అన్నది అందులో ఉంటుంది. నేను పైవాళ్ల చేత రాయించి తీయించగలను. దానికి రోజులు పడతాయి. ఇప్పుడే పోవాలంటే నువ్వు అడగాలి. పేపరు నీది. నేను ఆర్డరు వెయ్యను."

కాలేజీకి ఒళ్లు మండింది. ఆర్డరు వేస్తే ఎంత బాగుండేది. ఇన్నేళ్లూ లే అంటే లేచాడు, పడుకో అంటే పడుకున్నాడు, వరదలోకి దూకమంటే దూకాడు. ఈ ఒక్కదానికి మాత్రం నీ ఇష్టం అంటాడేంటి ఈ మనిషి? భార్య గొంతు చెవిలో తిరిగింది, సగటు, మధ్యగతం, బాహుళకం. పగలంతా ల్యాబులో నిలబడి, ఇంటికొచ్చి కాళ్లు బకెట్లో పెట్టుకుని చదివేది. ఒక్కోసారి మధ్యలో ఆవులింత వినపడేది, దాన్ని కూడా అతను తుడిచెయ్యకుండా ఉంచుకున్నాడు. ఏడుపొచ్చింది. మేజర్ ముందు ఏడవడం బాగోదని పైన ఫ్యాను వైపు చూశాడు.

"చెరిపెయ్యండి మేడమ్," అన్నాడు ఫోను వైపు వంగి.

"బాగా ఆలోచించుకున్నారా అండీ? మళ్లీ వెనక్కి రాదు."

"ఆలోచించుకున్నాను. చెరిపెయ్యండి."

అవతల మీటలు నొక్కుతున్న చప్పుడు వినిపించింది. మేజర్ కుర్చీలోంచి లేచి, వాచిన బుగ్గతోనే, అతని భుజం మీద చెయ్యి వేశాడు. ఏదో అనబోయాడు కూడా. ఈలోగా ఆవిడ మళ్లీ మాట్లాడింది.

"మా దగ్గరున్నది తీసేశానండీ. మీరు డౌన్‌లోడ్ చేసి దించుకున్న కాపీ మాత్రం మీరే తీసెయ్యాలి, అది మా చేతుల్లో లేదు."

"నేనేం దించుకోలేదు మేడమ్," అన్నాడు కాలేజీ.

"మీ లాగిన్ నుంచేనండీ. పరీక్ష అయిన కాసేపటికి దించుకున్నారు. గది చూపించిన ముక్క ఒక్కటే తీసుకున్నారు, మిగతాది ముట్టుకోలేదు."

కాలేజీ భుజం మీద మేజర్ చెయ్యి బరువెక్కింది.

పరీక్ష అయిన కాసేపటికి కాలేజీ ట్రక్కు కింద ఉన్నాడు. వెనక బ్రేకులు రెండూ విప్పి, గ్రీజు పూసి, మళ్లీ బిగించాడు. అంతసేపు పట్టింది టీ రావడానికి. క్యాంటీన్‌లో ఒకటే జనం అన్నాడు బావ.

"నువ్వు దించుకున్నావా?" మేజర్ అడిగాడు.

"లేదు సార్."

"నీ పాస్‌వర్డ్ ఇంకెవరికి తెలుసు?"

ఆ పాస్‌వర్డ్ కాలేజీ పెట్టుకున్నది కాదు. చేరిన రోజున, "నీకు గుర్తుండి చావదు గానీ ఇది పెట్టరా, ఇది మర్చిపోతే నిన్ను ఇంట్లోకి రానివ్వదు" అని నవ్వుతూ, చెల్లెలి పుట్టినరోజు తానే కొట్టి ఇచ్చాడు బావ.

కిటికీలోంచి వర్క్‌షాప్ ముందు ఆవరణ కనపడుతోంది. మొదటి బండి ముందు అద్దాన్ని బావ తడిగుడ్డతో తుడుస్తున్నాడు. కాన్వాయ్ ఆగిపోయిన కబురు ఇంకా అందినట్టు లేదు. ఎందుకో తలెత్తి ఇటు చూశాడు. కిటికీలో కాలేజీ కనపడగానే గుడ్డ భుజం మీద వేసుకుని, ఏమైందిరా అన్నట్టు చెయ్యి ఊపాడు.

మేజర్ రెండోసారి అడిగాడు.

కాలేజీ చెయ్యి, అలవాటు కొద్దీ, తిరిగి ఊపడానికి సగం లేచింది.